చెకుముకిరాతిలోని ముండ్ల పెట్టె

విద్యార్థులారా! చెకుముకిరాతి పలుచని పెచ్చును సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, ఒక్కొక్కప్పుడు ముండ్లుగల చిన్న గోళములు కానవచ్చును. 1830 తరువాతి సంవత్సరములలో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎహ్రెన్‌బెర్గు వీనిని చూచి, ముండ్లనుబట్టి మంచినీటి నాచుజాతిలో చేర్చెను. 1850లో ఆంగ్లేయుడగు మాంటెల్ వీనికి 'స్పినిఫెరైటీస్' అను పేరిడెను. ముండ్లను మోయునది యని యర్థము.

ఇందు 'రామోసస్' అను జాతిని పరిశీలింతము. దేహము గ్రుడ్డువంటిది, నిడివి మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. గోడకు రెండు పొరలు గలవు. వెలిపొరనుండి లేచిన ముండ్లు చివర మూడు కొమ్మలై, ప్రతికొమ్మయు మరల రెండుగా చీలును. కావుననే 'కొమ్మలు గలది' యను పేరు. ముండ్ల మొదళ్లను కలుపు సన్నని గట్లు దేహమును పలకలుగా విభజించును. వీపువైపున ఒక పలక యూడి, చిన్న వాకిలి యేర్పడియుండును.

ఈ గట్లను, ఈ వాకిలిని పోల్చిచూచి, ఇట్టి గోళములలో పెక్కు డైనోఫ్లాజెల్లేటుల కోశములని 1961లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎవిట్ నిరూపించెను. డైనోఫ్లాజెల్లేటు లనగా కొరడాలవంటి రెండు పోగులతో నీట నీదు ఏకకణజీవులు. వీనిలో కొన్ని కోశములో కొంతకాలము విశ్రమించి, వాకిలి తెరచుకొని వెడలిపోవును. తరువాత సముద్రపు బురదలోని సజీవకోశములను పెంచి చూడగా, స్పినిఫెరైటీస్ వంటివానినుండి గోనియాలాక్స్ అను డైనోఫ్లాజెల్లేటే వెలువడెను. ఏ వర్గమునకును చెందునని తేలని గోళములకు 1963లో 'అక్రిటార్కు'లని వేరుపేరు పెట్టిరి.

బాలులారా! ముండ్లను మాత్రమే చూచినవారు నూరేండ్లకు పైగా దారి తప్పిరి. వాకిలిని చూచినవాడు ఇంటివానిని గుర్తించెను. దేనినైనను వర్గీకరింపబూనినప్పుడు, కంటికి ముందు తగులు గురుతుతో తృప్తి నొందకుడు.