మసి మీద ప్లాటినం

హైడ్రోజన్‌తో కరెంటు అంటే ఏమిటో అందరికీ అర్థమయ్యేలా రాయమని సంచిక బాధ్యులు అడిగారు. నేను హైడ్రోజన్ కంటే, ఆ యంత్రం లోపల ఉండే చిటికెడు నల్లపొడి గురించే ఎక్కువ రాస్తాను. ఖర్చు, మన్నిక రెండూ అక్కడే తేలుతాయి.

ముందు మన రాష్ట్రం నుంచే ఎగిరిన ఉదాహరణ. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ58 వెళ్లింది. ఉపగ్రహాన్ని వదిలేశాక మిగిలిన రాకెట్ చివరి దశనే ఇస్రో ప్రయోగశాలగా వాడుకుంది. దాని పేరు పోయెమ్-3. అందులో ఒక చిన్న ఇంధన ఘటాన్ని, అంటే ఫ్యూయల్ సెల్‌ను, పరీక్షించారు. సిలిండర్లలోని హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి 180 వాట్ల విద్యుత్తు ఇచ్చాయి. మన ఇళ్లలో రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత. పొగ లేదు, మిగిలింది నీరే.

ఘటంలో రెండు పలకలు, వాటి మధ్య పలుచని పొర ఉంటాయి. ఒక పక్క హైడ్రోజన్ వస్తుంది. అది ఎలక్ట్రాన్లుగా, ప్రోటాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే వెళ్లనిస్తుంది. ఎలక్ట్రాన్లకు దారి లేక బయటి తీగ గుండా తిరిగి వెళతాయి. ఆ తిరుగుడే మనకు కరెంటు. అవతలి పక్క ఆక్సిజన్ ఈ రెంటినీ కలుపుకొని నీరవుతుంది. లెక్క ప్రకారం ఒక్కో ఘటానికి 1.23 వోల్టులు రావాలి. పనిచేసేటప్పుడు 0.6, 0.7 దగ్గర ఆగుతుంది. ఈ నష్టంలో పెద్ద వాటా ఆక్సిజన్ పక్కదే. హైడ్రోజన్ సులభంగా విడిపోతుంది, ఆక్సిజన్ జంట మాత్రం తొందరగా తెగదు. దాన్ని తెగగొట్టడానికి ఉత్ప్రేరకం కావాలి. ఈ పొర ఆమ్ల స్వభావం గలది. ఆ ఆమ్లంలో కరగకుండా నిలిచి, ఈ పని బాగా చేసే లోహం ప్లాటినం.

ప్లాటినం ధర వినగానే వ్యాపారం తెలిసినవారు ముఖం చిట్లిస్తారు. కానీ చర్య జరిగేది లోహం పైమీదే, లోపలి లోహం ఊరకే కూర్చుంటుంది. పండుగ మిఠాయి మీద అద్దే వరఖు గుర్తుచేసుకోండి. రవ్వంత వెండిని కొట్టి కొట్టి పలుచన చేస్తే పళ్లెం నిండా పరుచుకుంటుంది. ఒక గ్రాము ప్లాటినాన్ని ఘనంగా పోత పోస్తే భుజం మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, ఉపరితలం చదరపు సెంటీమీటరు కూడా రాదు. అదే గ్రామును 3 నానోమీటర్ల గుళికలుగా చేస్తే ఉపరితలం సుమారు 93 చదరపు మీటర్లు. వెయ్యి చదరపు అడుగులు, ఒక ఇంటి నేలంత! ఒక్కో గుళికలో ఉండేది సుమారు వెయ్యి పరమాణువులే.

అయితే ఇంత చిన్న గుళికలను విడిగా ఉంచితే ఒకదానికొకటి అంటుకొని ముద్దవుతాయి. అందుకే వాటిని కార్బన్ నలుసుల మీద దూరదూరంగా అతికిస్తారు. ఈ కార్బన్ కొత్త వస్తువేమీ కాదు. మన పెద్దవాళ్లు ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి కాటుకకు పట్టిన మసి లాంటిదే, ఫ్యాక్టరీలో నూనెను చాలీచాలని గాలిలో కాల్చి తీస్తారు. గ్రాము మసికి రెండు వందల చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉండే రకాలున్నాయి. మసి కరెంటును మోస్తుంది, దాని సందుల్లోంచి గాలి లోపలికి, నీరు బయటికి పోతాయి. తయారీ పదో తరగతి రసాయనశాస్త్రమే: ప్లాటినం లవణం కరిగిన ద్రవంలో మసి కలిపి, క్షయకరణి వేస్తే లోహం మసి మీద గుళికలుగా దిగుతుంది. గుళికలన్నీ ఒకే సైజులో రావడమే కష్టం.

1839లో విలియం గ్రోవ్ తన తొలి ఘటానికి ప్లాటినం పట్టీలే వాడాడు. తర్వాత చాలాకాలం చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం పట్టేది. 1980లలో అమెరికాలోని లాస్ అలామోస్ ప్రయోగశాల కార్బన్ మీది ప్లాటినంతో దాన్ని 0.4కు దించింది. పదో వంతు! ఇంధన ఘటం రాకెట్ దిగి రోడ్డు మీదికి రాగలిగిందంటే ఈ ఒక్క మార్పు వల్లే అని నా అభిప్రాయం. 2014లో టొయోటా అమ్మకానికి పెట్టిన మిరాయ్ కారులో ప్లాటినానికి కోబాల్టు కూడా కలిపారు.

ఇక మన్నిక. బండిని ఆపి, మళ్లీ నడిపినప్పుడల్లా కార్బన్ కొంచెం కొంచెం ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. కాలికింద నేల పోయిన గుళికలు పాదరసం చుక్కల్లా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోహం బరువు అంతే ఉంటుంది, వెయ్యి అడుగులు మాత్రం తగ్గిపోతాయి. ఇంకో శత్రువు కార్బన్ మోనాక్సైడ్. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌ను సరిగా శుద్ధి చేయకపోతే, అందులో మిగిలిన కొద్దిపాటి మోనాక్సైడ్ చాలు, ప్లాటినాన్ని కప్పేస్తుంది. రుథేనియం కలిపితే కొంత తట్టుకుంటుంది. సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి తీసిన హైడ్రోజన్‌కు ఈ బెడద లేదు.

సోలార్ అనగానే మన గని, శకునాల గుర్తొస్తాయి. 2017 నుంచి అక్కడ 1000 మెగావాట్ల పార్కు ఉంది. పగటి కరెంటును హైడ్రోజన్‌గా దాచి, రాత్రి ఇంధన ఘటంతో తీసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. తీసుకోవచ్చు, కానీ పెట్టినదాంట్లో తిరిగొచ్చేది మూడో వంతు చుట్టూ. నీటిని ఎత్తుకు తోడి మళ్లీ వదిలే పిన్నాపురం లాంటి పద్ధతిలో సుమారు ముప్పావు వంతు వస్తుంది. ఊరి రాత్రి దీపానికి నేను నీళ్లకే ఓటేస్తాను. దూరాలు తిరిగే బస్సుకు, లారీకి, అంతరిక్ష నౌకకు చెరువును వెంట తీసుకెళ్లలేం గనుక అక్కడ ఇంధన ఘటానిదే పై చేయి.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థకు చెన్నైలో ఇంధన ఘటాలకే ఒక కేంద్రం ఉంది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పుడు సాగుతున్న ఆసక్తికరమైన ప్రయత్నం ప్లాటినాన్నే తీసేయడం. కార్బన్‌లో నాలుగు నైట్రోజన్ల మధ్య ఒక ఇనుప పరమాణువును కూర్చోబెడతారు. మన రక్తంలో ఆక్సిజన్‌ను పట్టే హీమ్‌లో ఇనుము కూర్చునేదీ ఇలాగే. చవక, పని కూడా చేస్తుంది. కానీ ఆమ్లంలో ప్లాటినం అంత కాలం నిలవడం లేదు. ఆ ఇనుము ఎందుకు జారిపోతోంది, దాన్ని ఎలా పట్టి ఉంచాలి అన్నదాని మీదే ఇప్పుడు పరిశోధనంతా.