ఎర్త్ పట్టీ నేర్పిన ఓమ్ నియమం
(పాత పికప్ బండికి కొత్త వైరింగ్ వేసిన కథ)



ఓమ్ నియమం ఏమిటని అడిగితే, నిద్రలో లేపినా గడగడా ఒప్పజెప్పేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నేనూ ఈ హాస్టల్లో ఉన్నప్పుడు అంతే. పొటెన్షియల్ భేదం, ప్రవాహం, నిరోధం అని సూత్రం రాసి, లెక్కలో అంకెలు వేసి, కింద రెండు గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ సూత్రంతోనే డిగ్రీ, ఎమ్మెస్సీ దాకా వచ్చాను. జార్జ్ సైమన్ ఓమ్ ఆ నియమాన్ని 1827లో పుస్తకంగా ప్రచురించాడని కూడా చెప్పగలను. కానీ పోయిన సెలవుల్లో మా చిన్నాయన బండి ముందు ఆ నియమం నాకు అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

మా చిన్నాయనది జీపు ముఖం, వెనుక తొట్టి ఉన్న పాత డీజిల్ పికప్. 1994 మోడల్. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ల టమాటా క్రేట్లు తెల్లవారేసరికి మదనపల్లె మార్కెట్‌కు చేరాలి. బండి ఒక్కరోజు ఆగితే రైతు ఊరుకోడు, మరుసటి రోజు వేరే బండి మాట్లాడుకుంటాడు. ఒక రాత్రి క్రేట్లన్నీ ఎత్తాక చిన్నాయన సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ మూలుగుతూ అర చుట్టు తిరిగింది. అంతలో డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ! చిన్నాయన దూకి బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి సరుకు వేరే బండిలో పోయింది. బాడుగ కూడా మేమే ఇచ్చుకున్నాం.

మరుసటి రోజు టౌనులో ఒక ఎలక్ట్రీషియన్ చూసి, "వైరింగ్ మొత్తం కుళ్లిపోయింది, అంతా మార్చాల్సిందే" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. ముప్పై ఏళ్ల బండి. ఎక్కడ చూసినా మెలితిప్పిన అతుకులు, జిగురు కారే టేపులు. ఫ్యూజు పెట్టెలో ఫ్యూజుకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. కూలి మిగులుతుందని నేను ముందుకొచ్చాను. "ఫిజిక్స్ చదివినోడివి గదరా, నువ్వే చెయ్" అన్నాడు చిన్నాయన. వైరు చుట్టలకు, లగ్గులకు, ఫ్యూజు పెట్టెకు ఐదు వేలు నా చేతిలో పెట్టాడు.

పని ఎలా చేశామో చెబుతాను. ఇది ఐటీఐలో చేరాలనుకునేవాళ్లకు ఉపయోగపడవచ్చు.

మొట్టమొదట బ్యాటరీ రుణ ధ్రువం విప్పాలి, ఆ తర్వాతే ధన ధ్రువం. ఈ వరుస ఎందుకు? ఈ బండిలో రుణ ధ్రువం ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. ధన ధ్రువాన్ని ముందు విప్పబోయి స్పానర్ బాడీకి తగిలిందంటే, స్పానరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రుణ ధ్రువాన్ని ముందు విప్పితే ఆ భయం లేదు. బిగించేటప్పుడు రుణ ధ్రువం చివర. పన్నెండు వోల్టులకు షాక్ కొట్టదు, నిజమే. కానీ చేతి ఉంగరం మధ్యలో పడితే అది క్షణంలో ఎర్రబడి వేలు కాలుస్తుంది. గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టండి.

తర్వాత, పాత తీగ పీకేముందు ప్రతి కొసకూ చీటీ కట్టాలి. "ఎడమ హెడ్‌లైట్ డిమ్", "వెనుక బ్రేకు" ఇలా. మేము మొదటి రోజంతా చీటీలు కట్టడానికీ, నోటుపుస్తకంలో బొమ్మ గీయడానికే సరిపెట్టాం. చిన్నాయనకు విసుగొచ్చింది గానీ, రెండో రోజు ఆ చీటీలే లేకపోతే మేము ఏడ్చేవాళ్లం.

తీగ లావు ఊరికే ఎంచుకోకూడదు. వెనుక పార్కింగ్ బల్బు 5 వాట్లు, అంటే 12తో భాగిస్తే అర ఆంపియరు కూడా లేదు. బ్రేకు బల్బు 21 వాట్లు, ఒకటీ ముప్పావు ఆంపియరు. వీటికి ఒక చదరపు మిల్లీమీటరు తీగ బాగా చాలు. హెడ్‌లైట్లు ఒక్కొక్కటి 60 వాట్లు, రెండూ కలిపి 10 ఆంపియర్లు. వాటికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాం. ఇనుప రేకులోంచి తీగ దూరేచోట రబ్బరు బుష్ పెట్టాం. అది లేకుంటే బండి ఊపుకు రేకు అంచు కత్తిలా తీగ తొడుగును కోస్తుంది. మెలితిప్పి టేపు చుట్టడం మానేసి, ప్రతి కొసకూ లగ్గు వేసి నొక్కాం.

ఇక ఫ్యూజు. పరీక్షల్లో మనం "పరికరాన్ని కాపాడుతుంది" అని రాస్తాం. బండిలో ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. సన్న తీగ హీటర్ కాయిల్‌లా కాలుతుంది. అంతకన్నా ముందు ఫ్యూజు కాలిపోవాలి. అందుకే తీగ భరించగలిగే దానికంటే తక్కువ ఆంపియర్ల ఫ్యూజే వేయాలి, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. ఫ్యూజుకు ముందున్న తీగ ముక్కకు కాపలా ఎవరూ లేరు మరి. ఇప్పటి చదును ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. రంగు చూసి గుర్తుపట్టవచ్చు. వెండి కాగితానికి ఏ రంగూ లేదు, ఏ హద్దూ లేదు.

నాలుగో రోజు సాయంత్రానికి పని అయింది. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, ఇండికేటర్లు టిక్కు టిక్కుమన్నాయి. చిన్నమ్మ బండికి నిమ్మకాయలు కట్టింది. చిన్నాయన సెల్ఫ్ కొట్టాడు.

అదే మూలుగు. అదే పొగ.

నాకు కాళ్లల్లో వణుకు పుట్టింది. తీగలన్నీ తడిమి చూశాను, ఒక్కటీ వేడెక్కలేదు. ఒక్క ఫ్యూజూ పోలేదు. మల్టీమీటర్ తీసి ఒక మొన బ్యాటరీ రుణ ధ్రువానికీ, రెండోది ఇంజన్‌కూ పెట్టాను. బీప్ అంది. అంటే ఎర్త్ బాగుంది! ధన ధ్రువం వైపూ బాగుంది. చిన్నాయన నా మొహం వంకే చూసి, "ఏంరా, నీ మీటరేమో బాగుందంటుంది, నా బండేమో కాలిపోతుంది" అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. అప్పటికి వారం రోజులుగా బాడుగ లేదు.

మరుసటి ఉదయం మార్కెట్ దగ్గర బండ్ల వైరింగ్ చేసే ముసలి మేస్త్రీ ఒకాయన్ని స్కూటర్ మీద ఎక్కించుకొచ్చాను. అందరూ ఆయన్ని భాయ్ అంటారు. ఆయన మీటరు తేలేదు. "పొగ ఏ తీగలోంచి వచ్చింది నాయనా?" అని అడిగాడు. ఏ తీగలోంచీ కాదు భాయ్ అన్నాను. డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టి, ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ బయటికి తీశాడు. దాని నల్ల తొడుగు కరిగిపోయి ఉంది. అది కరెంటు తీగే కాదు! సైకిల్ బ్రేకు తీగలాంటి ఇనుప కేబుల్. తర్వాత ఆయన లావుపాటి జంపర్ కేబుల్ తీసి, ఒక కొస బ్యాటరీ రుణ ధ్రువానికి, రెండోది నేరుగా ఇంజన్‌కు తగిలించి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. ఒక్క దెబ్బకే ఇంజన్ అందుకుంది. పొగ లేదు.

విషయం ఇది. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. రబ్బరు విద్యుద్బంధకం. కాబట్టి ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఒక అల్లిక రాగి పట్టీ వేస్తారు, దాన్నే ఎర్త్ పట్టీ అంటారు. సెల్ఫ్ మోటారుకు ధన ధ్రువం నుంచి లావు కేబుల్ వస్తుంది, తిరుగు ప్రవాహం ఇంజన్ లోహం గుండా ఆ పట్టీ మీదుగా బ్యాటరీకి చేరుతుంది. అంతకు కొన్ని నెలల ముందు బండికి క్లచ్ పని జరిగింది. అప్పుడు విప్పిన పట్టీని మళ్లీ బిగించలేదు. ప్రవాహం ఊరుకుంటుందా? స్టాప్ కేబుల్, యాక్సిలేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, ఇంజన్‌నూ బాడీనీ కలిపే ఇనుప వస్తువు ఏది దొరికితే దాని మీదుగా పోయింది. సెల్ఫ్ మోటారు కేబుల్‌కు మామూలుగా ఫ్యూజు ఉండదు. అందుకే ఏ ఫ్యూజూ పోలేదు.

మరి నా మీటరు ఎందుకు బీప్ అంది? ఆ కేబుళ్ల మీదుగానే! దారి ఉంది అని మీటరు చెప్పింది, అది నిజమే. ఏ దారి, ఎంత బరువు మోయగల దారి అన్నది దానికి తెలియదు. నిరోధం కొలిచేటప్పుడు మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లు, సెల్ఫ్ లాగేది వంద ఆంపియర్లకు పైమాటే. పైగా మామూలు మీటరు మొనల తీగలకే 0.2 ఓమ్ దాకా నిరోధం ఉంటుంది. దానితో 0.04 ఓమ్‌ను పట్టుకోవడం సాధ్యం కాదు.

భాయ్ జంపర్ తీశాక నేను ఇంకోసారి కొలిచాను, ఈసారి వోల్టుల్లో. చిన్నాయన ఒక్క క్షణం సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ రుణ ధ్రువానికీ ఇంజన్‌కూ మధ్య 4 వోల్టులు చూపింది. పన్నెండులో నాలుగు అక్కడే పోతున్నాయి! ప్రవాహం వంద ఆంపియర్లే అనుకున్నా, నాలుగును వందతో గుణిస్తే 400 వాట్లు. ఆ ఉష్ణమంతా సన్న ఇనుప కేబుళ్లలో పుడితే కరగక ఏమవుతాయి? కొత్త పట్టీ బిగించి, రెండు కొసలా రంగూ తుప్పూ గీకి, మళ్లీ కొలిస్తే 0.15 వోల్టు. పట్టీ ఖరీదు రెండు వందలు కూడా లేదు. కేబుళ్లు ఇప్పటికీ ఇంజన్‌కు కలిసే ఉన్నాయి, కానీ పట్టీతో సమాంతర సంధానంలో ఉన్నాయి. పట్టీ నిరోధం వాటికంటే ఎన్నో రెట్లు తక్కువ కనుక ప్రవాహమంతా దాదాపు పట్టీలోనే పోతుంది. సమాంతర సంధానం లెక్కలు నేను వందసార్లు చేసి ఉంటాను, స్టాప్ కేబుల్ అందులో ఒక నిరోధం కాగలదని ఒక్కసారీ అనుకోలేదు.

కొత్త వైరింగ్ వృథా అయిందా? కాలేదు. ఆ వెండి కాగితం ఎప్పుడో ఒకనాడు బండిని తగలబెట్టేదే. కానీ పొగకు కారణం అది కాదు, నేను వెతక్కుండానే మార్చాను.

హెడ్‌లైట్లకు భాయ్ రిలే కూడా పెట్టించాడు. పాత పద్ధతిలో పది ఆంపియర్లూ బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చికి, అక్కడి నుంచి డిప్పర్‌కు, మళ్లీ ముందుకు లైట్లకు తిరిగి వచ్చేవి. దారిలో ఒక తుప్పుపట్టిన కొసలో 0.3 ఓమ్ ఉందనుకోండి. లైట్ల నిరోధం 1.2 ఓమ్, మొత్తం 1.5. ప్రవాహం 8 ఆంపియర్లకు పడిపోతుంది. లైట్లకు అందేది 9.6 వోల్టులే. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా తగ్గుతుంది, ఇక్కడ సగం కూడా మిగలదు. ఆ కొసలో పుట్టే వేడి 19 వాట్లు, దాదాపు ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత! స్విచ్చిలు కరిగేది ఇందుకే. రిలే పెడితే స్విచ్చిలో పోయేది దాని కాయిల్‌కు కావలసిన 0.2 ఆంపియరు లోపే. పది ఆంపియర్లు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే మీదుగా పొట్టి దారిలో లైట్లకు చేరతాయి. రిలే కాళ్ల మీద 85, 86 అని ఉన్నవి కాయిల్‌వి. 30కి బ్యాటరీ, 87కి లైటు.

ఇంకొక్క ముచ్చట. అమెరికాలో ఫోర్డ్ పికప్‌లు 1955 దాకా 6 వోల్టులవే, అదీ ధన ధ్రువం ఎర్త్‌గా. 1956 నుంచి 12 వోల్టులు, రుణ ధ్రువం ఎర్త్ అయ్యాయి. అదే 60 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగితే, 12 మీద 5 చాలు. ప్రవాహం సగమైతే అదే తీగలో వృథా అయ్యే ఉష్ణం నాలుగో వంతు. ఆ పాత బండ్లను ఇష్టంగా బాగుచేసుకునేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. ఏ ధ్రువం ఎర్తో చూడకుండా బ్యాటరీ తగిలిస్తే వాళ్లకూ పొగే.

మీరు చేసి చూడడానికి రెండు పనులు ఇస్తున్నాను.

1. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోంది. ఎర్త్ పట్టీ నిరోధం 0.001 ఓమ్ అయితే ఎన్ని వోల్టులు పోతాయి? తుప్పుపట్టి 0.02 ఓమ్ అయితే? రెండు సందర్భాల్లోనూ వాట్లు కూడా కట్టండి.

2. రెండు టార్చి సెల్స్, ఒక టార్చి బల్బు, ఒక తుప్పుపట్టిన మేకు తీసుకోండి. మేకును వలయంలో శ్రేణిలో కలపండి. తుప్పు మీదే తీగ ఆనించి బల్బు చూడండి. తర్వాత మేకును బ్లేడుతో గీకి ఆనించి చూడండి. సైన్స్ సారును అడిగి మల్టీమీటర్ తెచ్చుకుని, వలయంలో ప్రవాహం పోతూ ఉండగా మేకు రెండు కొసల మధ్య వోల్టులు కొలవండి. మీటరును ఓమ్‌ల మీద పెట్టకండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతిక శాస్త్రం)