రేపటిని ఎరుగనివారి దినచర్యలు

పఠనభాగములు: యిర్మీయా 29:1–14, మలాకీ 3:16–18, యాకోబు 4:13–17

పాత దినచర్య పుస్తకమును తెరచువానికి ఒక చిక్కు కలదు. వ్రాసినవాడు ఎరుగని సంగతిని చదువువాడు ఎరుగును. 1912లో ఒక సువార్తికుడు ఆ దినపు పనిని వ్రాసికొనునప్పుడు, రెండేండ్లలో లోకము మహాయుద్ధమున పడునని తలంచియుండడు. మనమైతే అది ఎరిగియే చదువుదుము. కనుక అట్టి వ్రాతలను వినయముతో చదువుట నేర్చుకొనవలెను.

ఛత్తీస్‌గఢ్ వ్రాతలు

1931లో పూర్తియైన రాయపూర్–విజయనగరం రైలుమార్గము ఛత్తీస్‌గఢ్‌ను మన ఉత్తరాంధ్రతో కలిపినది. రాయపూర్‌లోని తెలుగు విశ్వాసులు తాము నివసించు ప్రాంతపు సంఘచరిత్రను తెలిసికొనుట మేలు. 1868లో ఆస్కార్ లోర్ అను జర్మను మిషనరీ, అమెరికాలోని జర్మను ఇవాంజెలికల్ మిషను సంఘము పంపగా ఇక్కడికి వచ్చి, రాయపూర్ ప్రాంతమున విశ్రామపురమును స్థాపించెను. గురు ఘాసీదాసు బోధను అనుసరించిన సత్నామీలు విగ్రహములను విడిచి సత్యనామమును కొలుచువారు. కావున వీరు త్వరలోనే సువార్తను అంగీకరింతురని అతడు ఆశించెను. ఆ ఆశ అనుకొన్నంత త్వరగా నెరవేరలేదు. 1897, 1900 సంవత్సరముల కరవులలో అన్నమునకు, ఆశ్రయమునకు అనేకులు మిషను ద్వారమునొద్దకు వచ్చిరి.

తరువాత, మొదటి ప్రపంచయుద్ధమునకు ముందరి యేండ్లలో, గ్రామములకు, సంతలకు తిరిగిన భారతీయ సువార్తికులు దినచర్యలు వ్రాసిరి. ఆ మిషను కాగితములు అమెరికాలో మిస్సోరి రాష్ట్రమందలి ఈడెన్ వేదాంత కళాశాల భాండాగారమున భద్రపరచబడినవి. చరిత్రకారుడు సౌరభ్ దుబే వీటిని శ్రద్ధగా పరిశీలించి, ఈ సువార్తికుల మాటను నేటి చదువరులకు వినిపించెను. మిషనరీల పేర్లు చరిత్రలో నిలిచినవి; ఎండలో నడచిన ఈ సేవకులనైతే సంఘము చాలకాలము మరచెను.

ఎట్లు చదువవలెను?

మొదటిది, ఎవరి కొరకు వ్రాయబడెనో విచారింపవలెను. స్వదేశపు దాతలు చదువు ఉత్తరమున ఆశ పెద్దదై, నిరాశ చిన్నదై కనబడుట సహజము. పైవారు చూడగలరను ఎరుకతో వ్రాయు సేవకుని దినచర్యయందును జాగ్రత్త ఉండును. ఇది అబద్ధమని తలంపరాదు. మన ఉత్తరములును అట్టివే.

రెండవది, విన్నవారి మాటను వినవలెను. ఈ దినచర్యలలో బోధకుని మాటయే కాక, ఎదుటివారి ప్రశ్నలును వాదములును కనబడును. తనకు ఎదురుపలికిన మాటను దాచక వ్రాయుటకు ధైర్యము కావలెను. జయములను మాత్రమే వ్రాసికొను సంఘము తన్ను తానే మోసపుచ్చుకొనును.

మూడవది, రేపటిని ఎరుగనివారితో కలిసి నిలువవలెను. “వీరికి ఇది తెలియలేదే!” అని వారిని చులకన చేయుట సులభము. మన దినచర్యను నూరేండ్లకు చదువువారు మనలను గూర్చి ఏమందురో!

యుద్ధము వచ్చినప్పుడు

1914లో యుద్ధము మన తెలుగు సంఘములను కూడ తాకెను. సాలూరు, పార్వతీపురము ప్రాంతముల బ్రెక్లం మిషనులోను, నాయుడుపేట, గూడూరు ప్రాంతముల హెర్మన్స్‌బర్గ్ మిషనులోను పనిచేసిన జర్మను మిషనరీలు శత్రుదేశస్థులుగా ఎంచబడి, నిర్బంధింపబడి, స్వదేశమునకు పంపబడిరి. సంఘములు మాత్రము నిలిచినవి. తెలుగు బోధకులు, ఉపదేశకులు, ఉపాధ్యాయులు ఆరాధనలను ఆగనియ్యలేదు. అమెరికా లూథరన్ సహోదరులు తోడ్పడిరి.

రెండవ యుద్ధమునకు ముందు వ్రాయబడిన మరియొక దినచర్యయు మనకు కలదు. 1939 జూనులో జర్మను దైవజ్ఞుడు డీట్రిచ్ బోన్‌హోఫర్ న్యూయార్కు చేరెను. అక్కడ క్షేమముగా ఉండగలిగినను, అతని దినచర్యనిండ మనోవేదనయే. తన ప్రజల శ్రమలో పాలుపొందనివాడు తరువాత వారి పునర్నిర్మాణమున పాలుపొందజాలడను భావమును రైన్‌హోల్డ్ నీబూర్‌కు లేఖలో తెలిపి, జూలైలో తిరిగి వెళ్లెను. 1945 ఏప్రిల్ 9న అతడు ఉరితీయబడెను. ఈ నీబూర్, ఛత్తీస్‌గఢ్‌కు మిషనరీలను పంపిన ఇవాంజెలికల్ సినడ్‌కు చెందిన పాదిరియే. ఎక్కడి విత్తనము ఎక్కడి పొలము!

మనకు పాఠము

చెరలోనున్నవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము రాబోవు దినములన్నిటిని వివరింపలేదు. ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, తామున్న పట్టణపు క్షేమమును కోరుమని చెప్పెను. రేపు దేవుని చేతిలోనిది. నేటి పని మనది. ఆ మరువబడిన సువార్తికులు చేసినది ఇదియే. దేవుని సన్నిధిని జ్ఞాపకార్థ గ్రంథమొకటి కలదని మలాకీ చెప్పుచున్నాడు. అందు వారి పేర్లు చెరిగిపోలేదు.

ఆలోచించుడి:
1. మీ సంఘమున పూర్వికుల ఉత్తరములు, దినచర్యలు ఎవరియొద్దనైన ఉన్నవా? చెదలు తినకముందే వాటిని భద్రపరచగలరా?
2. మీ సంఘచరిత్రలో ఎవరి పేర్లు వ్రాయబడలేదు?
3. ఈ రాత్రి మీరు వ్రాసికొను దినచర్యలో ఓటమిని కూడ యథార్థముగా వ్రాయగలరా?