శంషాబాద్ నుంచి జిద్దాకు ఎంత దూరం, ఎంత సేపు?

మన సంఘం సాయంకాలపు తరగతిలో పిల్లలకు ఒక లెక్క ఇచ్చాం. "శంషాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం మధ్యాహ్నం 1:15కు జిద్దాలో దిగింది. ప్రయాణం ఎంతసేపు?" దాదాపు అందరూ 3 గంటల 15 నిమిషాలని రాశారు. తండ్రి జిద్దాలో పనిచేసే అమ్మాయి కూడా అంతే రాసింది. తప్పు పిల్లలది కాదు. రెండు ఊళ్ల గడియారాలు వేరని మేమే ముందు చెప్పలేదు.

మొదట దూరం చూద్దాం. గోడ మీది పటం చదును, భూమి గుండ్రం. అందుకే గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిపించాం. దారం పొడవు భూమధ్యరేఖ చుట్టుకొలతలో సుమారు పదో వంతు వచ్చింది. ఆ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే దూరం 4,000 పైచిలుకు. సూత్రంతో లెక్కకడితే సుమారు 4,130 కిలోమీటర్లు. ఆ దారం అరేబియా సముద్రం దాటి ఒమన్ మీదుగా సౌదీ చేరుతుంది.

ఇక కాలం. విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే 5 గంటలకు కాస్త తక్కువ పడుతుంది. రన్‌వే దాకా నడవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపితే ఇంకా పెరుగుతుంది. చలికాలంలో ఎత్తున పడమటి గాలులు ఎదురై వెళ్లేటప్పుడు ఆలస్యమవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అవే గాలులు వెనకనుంచి తోస్తాయి.

ఇప్పుడు గడియారం. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, సౌదీది 45 డిగ్రీలది. తేడా 37.5 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. మనం ముందు, వాళ్లు వెనుక. కాబట్టి 3:15కు 2:30 కలపాలి. ప్రయాణం 5 గంటల 45 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో ఆ రెండున్నర తీసేయాలి. జిద్దాలో రాత్రి 8కి బయలుదేరి ఇక్కడ తెల్లవారుజామున 3:45కు దిగితే, ప్రయాణం 5 గంటల 15 నిమిషాలే.

ఈ లెక్క పరీక్షకే కాదు. ఉమ్రాకు వెళ్లే మన పెద్దల్లో షుగర్ ఉన్నవారు మందును చేతి గడియారం చూసి వేసుకుంటే వేళ తప్పుతుంది. గడచిన గంటలు లెక్కించాలి. ఎలా సర్దుకోవాలో వెళ్లేముందే డాక్టరును అడగాలి. నేరుగా జిద్దాకు వెళ్లేవారికి మీఖాత్ విమానంలో ఉండగానే వస్తుంది. ఎంతసేపటి ప్రయాణమో తెలిస్తే ఇహ్రామ్‌కు ముందే సిద్ధపడతారు.

లెక్క అర్థమయ్యాక ఆ అమ్మాయి మాతో అంది: "సార్, నేను బడికి వచ్చేముందు ఆరింటికి అబ్బాకు ఫోన్ చేస్తున్నాను. అక్కడ మూడున్నరే కదా!" ఇప్పుడు సాయంత్రం చేస్తోంది.

దాతలారా, మీ ఇంటి పిల్లలకూ ఒక టికెట్టు చూపించి ఈ లెక్క వేయించండి.