శ్రమకు కొలమానం

ఇనుప చక్రంపై ఉన్న అంకె దాని బరువును తెలుపుతుంది; దానిని ఎత్తడానికి ఎంత శ్రమ అవసరమో తెలుపదు. కంటినిండా నిద్రపోయిన రోజున అరవై కిలోలను సులువుగా ఎత్తిన విద్యార్థికి, పరీక్షల కోసం రాత్రంతా మేలుకొన్న మరునాడు అవే అరవై కిలోలు కొండంత భారమవుతాయి. ఈ భేదాన్ని గమనించక మొండిగా సాధన చేసేవారు గాయాలపాలయ్యే ప్రమాదం ఉంది. గాయాలకు భయపడి ఎల్లప్పుడూ తేలిక బరువులతోనే సరిపెట్టుకొనేవారికి ఆశించిన బలం చేకూరదు.

శ్రమను మనిషి స్వానుభవంతోనే కొలవవచ్చునని స్వీడన్ దేశపు మనోవిజ్ఞానవేత్త గున్నార్ బోర్గ్ నిరూపించాడు. ఆయన 1960వ దశకంలో 6 నుండి 20 వరకు అంకెలు గల కొలమానాన్ని రూపొందించాడు. ఆరోగ్యవంతులైన యువతీయువకులు తమ శ్రమను 13గా చెబితే, వారి గుండె నిమిషానికి ఇంచుమించు 130 సార్లు కొట్టుకొంటున్నదని భావించవచ్చు.

పరుగుకు, సైకిలు తొక్కడానికి అనువైన ఈ పద్ధతి బరువులెత్తేవారికి అంతగా సరిపడలేదు. కొద్ది క్షణాలలో ముగిసే ప్రయత్నానికి గుండె వేగం తగిన సాక్ష్యం కాదు. అందువల్ల వారికి మరొక కొలత ఏర్పడింది. ఆపిన తరువాత ఇంకా ఎన్నిసార్లు ఎత్తే శక్తి మిగిలి ఉన్నదన్నదే దానికి ఆధారం. ఏమీ మిగలకపోతే శ్రమ 10. ఒక్కసారికి మిగిలితే 9. రెండుసార్లకు మిగిలితే 8. శిక్షకుడు "ఐదుసార్లు, శ్రమ 8" అని నిర్దేశిస్తే, ఏడుసార్లు మాత్రమే ఎత్తగల బరువును ఎన్నుకొని, ఐదవసారికి ఆపాలి. అలసిన రోజున ఆ బరువు తగ్గుతుంది. ఉత్సాహంగా ఉన్న రోజున పెరుగుతుంది.

అయితే ఈ అంచనా సాధనతోనే కుదురుతుంది. జుర్డోస్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, బార్‌బెల్‌ను భుజాలపై మోస్తూ కూర్చొని లేచే వ్యాయామాన్ని పరిశీలించారు. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును ఎత్తినప్పుడు, అనుభవజ్ఞులు తమ శ్రమను సగటున 9.80గా, కొత్తవారు 8.96గా పేర్కొన్నారు. శక్తి అంతా వెచ్చించిన తరువాత కూడా ఇంకా కొంత మిగిలి ఉన్నదని కొత్తవారు భ్రమించారన్నమాట.

కనుక ఆరంభదశలో ఉన్నవారు శిక్షకుని పర్యవేక్షణలో, తేలిక బరువులతో మొదలుపెట్టి, ప్రతిసారీ తమ అంచనాను పుస్తకంలో రాసుకోవాలి. కీళ్లలో పోటు పుడితే దానిని శ్రమగా లెక్కించక, వెంటనే ఆపివేయాలి. తోటివారి మెప్పు కోసం 9ని 7గా చెప్పుకొంటే నష్టపోయేది తమ శరీరమే. తన శక్తిని, అలసటను నిజాయితీగా గుర్తించగలిగినవారికే బలం క్రమక్రమంగా సమకూరుతుంది.