పాత పికప్పా, పాత ఎస్.యు.వి.యా? మిర్చి వర్తకుని లెక్క

మిర్చి సీజన్ దగ్గరపడే వేళకు చిన్న వ్యాపారస్తులు పాత బండి కోసం వెదకడం మామూలే. గుంటూరు యార్డులో కొని కోల్డు స్టోరేజికి చేర్చుతూ, మధ్యమధ్య పల్లెల్లో కళ్ళాలకు పోయి కాయ చూసుకొనే వర్తకునికి రెండు రకాలు కంటబడతాయి. ఒకటి పదేళ్లు దాటిన పికప్. రెండవది బొలేరో, స్కార్పియో వంటి ఎస్.యు.వి. ధర దగ్గర దగ్గరగా వుంటే ఎ.సి., ఏడు సీట్లు గల రెండవ దానివైపే మనసు మొగ్గుతుంది. వెనుక సీట్లు తీసివేస్తే పది టిక్కీలు పట్టవా అన్నది పలువురి లెక్క. చిక్కంతా అక్కడే వున్నది.

ప్రైవేటు కారు బీమా పత్రంలో ‘వినియోగ పరిమితులు’ అన్న భాగం చదివేవారు తక్కువ. సరుకు రవాణాకు వాడితే బీమా వర్తించదని అందులో వుంటుంది. మినహాయింపు సొంత సామానుకు, శాంపిళ్లకు మాత్రమే. మచ్చుకాయల సంచితో తిరిగే బ్రోకరుకు ఇబ్బంది లేదు. టిక్కీలు వేసుకొని పోతూ బోల్తాపడిన వర్తకుడు మాత్రం బండి నష్టాన్ని సొంత ఖాతాలో రాసుకోవలసి రావచ్చు.

పికప్‌కూ ఇటువంటి మెలికే వుంది. సరుకు యజమాని గాని, అతని ప్రతినిధి గాని సరుకుతోబాటు ప్రయాణిస్తే 1994 చట్ట సవరణ దరిమిలా బీమా రక్షణ వుంది. ఊరికే ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యార్డు నుంచి ఖాళీగా తిరిగివచ్చే బండిలో ఊరివాళ్లను ఎక్కించుకొనే యజమానులు ఇది గమనించాలి.

రవాణా బండికి 8 ఏళ్లు దాటాక ఏటేటా ఫిట్‌నెస్ తప్పదు. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన అయిదేసి ఏళ్ల పొడిగింపు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్సు బండికి పర్మిట్ అక్కరలేదు గనుక ఆర్.సి.లో ఆ అంకె చూడాలి. లైసెన్సు భయం ఇప్పుడు లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. జి.ఎస్.టి. కట్టే వ్యాపారికి పికప్ మరమ్మతులపై ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది. ఎస్.యు.వి.కి సాధారణంగా దొరకదు.

మచ్చు చూడనిదే సరుకు కొనని వర్తకుడు బండి దగ్గరకు వచ్చేసరికి పెయింటు చూసి బేరం ఖాయం చేస్తాడు! పికప్‌ను కిందికి వంగి చూడాలి. కమాను కట్టలు చదునైపోయినా, అదనపు పట్టీ వేసివున్నా అది అధిక బరువు మోసిన బండి. ఛాసిస్‌కు కమాను బిగించే చోట వెల్డింగు అతుకు కనబడితే ధర తగ్గించి అడగడం కాదు, వదిలివేయాలి. ఎస్.యు.వి.లో క్లచ్, టర్బో, ఎ.సి. కంప్రెసరు ఖర్చుతో కూడినవి. సీట్ల పట్టాల కింద తుప్పు వుంటే బండి నీట మునిగిందేమో అనుమానించాలి. 2020 తరువాతి బి.ఎస్.6 డీజిలు బండ్లలో మసిని పట్టే ఫిల్టరు దగ్గరి తిరుగుళ్లలో త్వరగా పూడుకుంటుంది. యార్డుకు, స్టోరేజికి మధ్య పనికి పాత బండే నయం.

టన్నుంబావు పికప్‌లో 40 కిలోల టిక్కీలు 30 వేయవచ్చు. వారానికి రెండు మూడు లోడ్లు కదిలించే వర్తకునికి అదే తగును. కమీషన్ మీద నడిచే బ్రోకరుకు ఎస్.యు.వి. చాలు. ఏది కొన్నా ఫైనాన్స్ రద్దు కాగితం చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇవ్వరాదు. బీమా పేరు మార్పుకు కొన్న నాటి నుంచి గడువు 14 రోజులే.