నడక తప్పిన కుక్కపిల్ల : తైలము పట్టుటకు ముందు తెలియవలసినది

చిన్నజాతి కుక్కపిల్ల ఇంటికి వచ్చిన కొలది వారములలోనే వెనుక కాళ్ళు ఈడ్చుట, లేవబోయి చతికిలబడుట, ఎత్తుకొనినంతనే కుయ్యిమని అరచుట మన గృహములలో అరుదైన సంగతి కాదు. మనవారు 'పామేరియన్' అని పిలుచుకొను తెల్లని బొచ్చుకుక్కలలో అధికభాగము నిజమునకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్ కే హై కౌన్' హిందీ చిత్రములోని టఫీ కూడ ఆ జాతిదే. ఇట్టి పిల్ల నడక తప్పినపుడు ఇంటిలో తలకొక మాట పుట్టును. అమ్మమ్మగారు నువ్వులనూనె గోరువెచ్చన చేసి తెత్తురు. అబ్బాయి మందుల దుకాణము నుండి కాల్షియము సీసా కొనివచ్చును. పొరుగువారు 'సూది వేయించి వదిలించుకొనరాదా' అందురు. ఈ మూడింటిలో ఏదియు మొదట చేయవలసిన పని కాదు.

ఆయుర్వేదమున చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనము, అనగా రోగకారణమును తొలగించుట. అశ్వములకు శాలిహోత్రుడు, గజములకు పాలకాప్యుడు వైద్యము చెప్పిన దేశము మనది. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజు సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసము'న కుక్కల ప్రస్తావన కూడ కలదు. అయినను ఒడిలో ఇమిడెడి రెండు కిలోల పిల్లకు ఏ గుళిక యెంత యన్నది గృహస్థుడు స్వయముగా నిర్ణయించుకొనదగిన విషయము కాదు. కాళ్ళీడ్చుట యనునది ఒక రోగము కాదు. అనేక రోగములకు అది పైకి కనిపించెడి లక్షణము మాత్రమే. వానిలో ఒకదానికి విశ్రాంతియే ప్రాణాధారము. మరియొకదానికి విశ్రాంతియే శత్రువు. ఒకదానికి మర్దనము మేలు చేయును. మరియొకదానికి అదే మర్దనము ఎముకను విరుచును. కావున చేయి వేయుటకు ముందు కారణము తెలియవలెను.

వయస్సు, నడక తీరు

కారణమును ఊహించుటకు వయస్సు మంచి ఆధారము. సాధారణముగా కుక్కపిల్ల మూడవ వారమున నిలబడ నేర్చును, నాలుగవ వారమున నడచును. ఆ సమయము వచ్చినను పొట్టమీదనే పాకుచు, కాళ్ళు ఇరుప్రక్కలకు చాపినచో అది ఒక తీరు. రెండు నుండి నాలుగు నెలల మధ్య, అంతవరకు చక్కగా నడచిన పిల్ల క్రమముగా కదలుటకు ఇష్టపడక, ముట్టుకొనిన అరచినచో ఎముకలను అనుమానింపవలెను. పరుగెత్తుచు పరుగెత్తుచు నాలుగడుగులు ఒక వెనుక కాలు ఎత్తి కుంటి, మరల ఏమియు జరుగనట్లు పోవుచున్నచో మోకాలిచిప్ప జారుచున్నదని గ్రహింపవచ్చును. నాలుగు నెలలు దాటి, యేడాది నిండకముందు ఒక కాలు నానాటికి సన్నబడుచు కుంటుచున్నచో తుంటికీలును పరీక్షింపవలెను.

కొన్ని సందర్భములలో ఊహలకు వ్యవధి లేదు. ఎత్తు నుండి పడినను, తలుపు సందున నలిగినను, ఉన్నట్లుండి రెండు వెనుక కాళ్ళు చచ్చుబడి, వ్రేళ్ళ నడుమ గిల్లినను పిల్లకు తెలియక, మూత్రము ఆగిపోయినచో అది వెన్నుపాము దెబ్బ. గంటలు లెక్కింపవలసిన స్థితి. పిల్లను పలకవంటి గట్టి అట్టపై కదలకుండ పడుకొనబెట్టి వెంటనే పశువైద్యుని వద్దకు కొనిపోవలెను. జ్వరము, కంటిపుసి, ముక్కు కారుట, ఆపై కాలో దవడయో ఎడతెగక అదరుట కనిపించినచో అది డిస్టెంపర్ కావచ్చును. టీకా పడని పిల్లలకు ఇది తరచుగా ప్రాణాంతకము. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున టీకా ఆరంభించి, పదునారు వారములు వచ్చువరకు మూడు నాలుగు వారములకొకమారు వేయించుట ఇందులకే.

పాలన్నము తెచ్చెడి చేటు

గృహస్థుల చేతిలో నున్న కారణము ఆహారము. అందుచేత దీనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది.

తల్లిని విడిచి వచ్చిన పిల్లకు మన యిండ్లలో పాలన్నము, పెరుగన్నము, బిస్కత్తులు పెట్టుదురు. మాంసాహారులైనచో ఎముక తీసిన కోడిముక్కలు, కార్జము ప్రేమతో పెట్టుదురు. రెండు పద్ధతులును పెరిగెడి ఎముకకు చాలవు. ఎముక గట్టిపడుటకు కాల్షియము, భాస్వరము రెండును కావలెను. వాని నిష్పత్తి సమానముగానైనను, కాల్షియము కొంత హెచ్చుగానైనను ఉండవలెను. కోడిమాంసములో భాస్వరము కాల్షియమునకు సుమారు ఇరువది రెట్లు. కార్జములో అంతకంటె హెచ్చు. బియ్యములోను భాస్వరముదే పైచేయి. పాలలో ఈ నిష్పత్తి బాగుగనే యున్నది గాని, తల్లికుక్క పాలలో ఆవుపాలకంటె మాంసకృత్తులు రెట్టింపునకు మించి యుండును, కాల్షియమును అధికమే. పిల్లకు అందునది వాడుకపాలు, అందులో నీరు, ఆపైన గిన్నెడు అన్నము. ఇక మిగులునదేమి?

రక్తములో కాల్షియము తగ్గినంతనే కంఠమున నుండు పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని, ఎముకలలోని కాల్షియమును కరగించి రక్తములోనికి తెచ్చును. నెత్తురు నిలుచును గాని ఎముక గుల్లబారును. కాళ్ళు దొడ్డివంకరలు పోవును. పాదము పూర్తిగా నేలకానించి నడచును. సోఫా మీదినుండి దూకినంతమాత్రమున పచ్చికొమ్మవలె ఎముక వంగి చిట్లును. కటిఎముక నొక్కుకొనిపోయి మలబద్ధకము కూడ కలుగవచ్చును. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనిపింపక మాంసపు నీడలో కలిసిపోయినట్లుండును. అస్థిధాతువు క్షీణించినచోట వాయువు ప్రకోపించునని మన ప్రాచీనులు చెప్పినది ఈ పిల్లను చూచినచో బోధపడును.

ఇట్టి పిల్లకు తైలమర్దనము చేయరాదు. కాళ్ళు సాగదీయరాదు, నడిపింపరాదు. చిన్న పెట్టెలోనో, కుర్చీలడ్డుపెట్టిన మూలలోనో మెత్తని పరుపు వేసి, దూకుటకు, మెట్లెక్కుటకు వీలులేకుండ కొన్ని వారములు ఉంచవలెను. ఎత్తునపుడు రెండు చేతులను ఛాతీక్రింద, పిరుదులక్రింద నుంచి మొత్తము శరీరమును ఒక్కమారు ఎత్తవలెను. ముందు కాళ్ళు పట్టి లేపుట మహాపరాధము. నొప్పి తగ్గినదని పిల్ల గెంతులు వేయ మొదలిడిన సమయమే మిక్కిలి ప్రమాదకరము. ఎముక ఇంకను గట్టిపడలేదు, పిల్లకు ఆ సంగతి తెలియదు.

ఆహారము మార్చుటే అసలు మందు. పెరిగెడి పిల్లలకై తయారైన సమతులాహారము ఇందుకు సుళువైన మార్గము. మాంసము వండని యిండ్లలో నేను దీనినే చెప్పుదును, ఏలయన శాకాహారముతో కుక్కపిల్ల ఎముకను సరిదిద్దుట నిపుణుల లెక్క లేనిదే సాధ్యపడదు. ఈ సిద్ధాహారము పెట్టునపుడు వేరుగా కాల్షియము కలుపరాదు, అతియైనను కీడే. ఇంటి వంటయే పెట్టుదుమన్నవారికి కోడిగ్రుడ్డు పెంకు ఉన్నది. పది నిమిషములు మరగించి, ఎండబెట్టి, మెత్తని చూర్ణము చేసినచో, తలగొట్టిన చిన్న చెంచా, అనగా 5 గ్రాముల పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియము లభించును. పిల్లకు వేయి కాలరీల ఆహారమునకు 3 గ్రాముల కాల్షియము కావలెను. రెండు కిలోల పిల్ల దినమునకు తినునది అందులో సగమునకు లోపే. ఈ లెక్కను పశువైద్యునిచే సరిచూపించుకొని మోతాదు నిర్ణయించుకొనవలెను. శంఖభస్మమును ముఖ్యముగా సున్నపు పదార్థమే గనుక, దానిని పెంకుపొడితో జోడించి రెండింతలు చేయరాదు. నల్లేరు మనుష్యుల ఎముకలకు మేలని వాడుక. పచ్చికాడ నోరు దురద పెట్టును, పిల్లకు అది కాల్షియమునకు బదులు కాజాలదు.

ఎండ విషయమున ఒక భ్రమ కలదు. మనుష్యులవలె కుక్క చర్మము ఎండతో చాలినంత డి విటమిను తయారుచేసికొనలేదు. ఉదయపు వెచ్చదనము పిల్లకు హాయి గాని ఎముకకు మందు కాదు. ఆ విటమిను ఆహారమునుండియే రావలెను. అట్లని పెద్దలు వారమునకొకటి వేసికొనెడి 60,000 యూనిట్ల డి విటమిను పొట్లము పిల్లకు వేసినచో, రెండు కిలోల శరీరమునకు అది విషమే.

ఈతపిల్ల

పొట్టమీద పాకెడి పసిపిల్లను వైద్యులు 'స్విమ్మర్' అందురు. నేలపై ఈదుచున్నట్లుండును, ఛాతీ తాబేటి అడుగువలె బల్లపరుపుగా నగును. ఇక్కడ విషయము తలక్రిందులు. దీనిని పడుకొననిచ్చినకొలది చెడును. వెనుక కాళ్ళు తుంటి వెడల్పునకు మించి విడిపోకుండ, మెత్తని దూది వేసి అంటుపట్టీతో ఎనిమిది అంకెవలె కట్టుట ప్రధాన చికిత్స. మొదటి కట్టు వైద్యునిచేతనే కట్టించుకొని, చేయి కుదిరిన పిదప ఇంటిలో కట్టవచ్చును. వ్రేళ్ళు వాచినను చల్లబడినను వెంటనే విప్పవలెను.

పొట్టక్రింద తువ్వాలు జోలెగా పట్టి, అయిదు నిమిషములచొప్పున దినమునకు నాలుగైదు మార్లు నిలబెట్టవలెను. పడుకొనునపుడు ప్రక్కకు త్రిప్పవలెను. తొడలపై నాలుగు చుక్కల నువ్వులనూనెతో మెల్లగా రాయుట దీనికి హితము. ఎముక లేతగానున్న ఆ మొదటి వారములలోనే పూనుకొనినచో చాల పిల్లలు చక్కగా నడచును. తల్లి ప్రక్కన పాకుచున్న అట్టి పిల్లను 'ఇది బ్రతుకదు' అని పారవేయువారున్నారు. నెల దినముల కట్టుతో లేచి పరుగెత్తదగిన జీవమది.

మోకాలిచిప్ప, తుంటి

చిన్నజాతులలో మోకాలిచిప్ప సాధారణముగా లోపలి ప్రక్కకు జారును. దీనికి నాలుగు స్థాయులు. మొదటి రెండింటిలో బరువు పెరగనీయకుండుట, నునుపు నేల తప్పించుట, తొడకండరము బలపడునట్లు మెల్లగా నడిపించుట చాలించుకొనవచ్చును. మూడు, నాలుగింటికి, లేక తరచు బాధించెడి రెండవదానికి శస్త్రచికిత్స యుక్తము. తుంటిలో తొడఎముక శిరస్సునకు రక్తము అందక చివికిపోవు వ్యాధికి ఆ శిరస్సును తొలగింతురు. వినుటకు భయము గొలిపినను, చిన్నకుక్కలు ఆ పిమ్మట బాగుగనే నడచును. అయితే గాయము మానిన వెంటనే కాలు వాడించవలెను; ముద్దుచేసి ఎత్తుకొని తిప్పినచో కాలు బిగిసిపోవును. హైదరాబాదు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధముగా వైద్యశాలలు కలవు.

ఇంటిలో చేయదగిన సేవ

కారణమేదైనను, మొదట మార్చవలసినది నేల. గ్రానైటు, పాలరాయి, నునుపు టైల్సు కుంటిపిల్లకు మంచుగడ్డవలె జారును. పిల్ల తిరుగు మేర గోనెపట్టాలో, కొబ్బరిపీచు చాపలో పరువవలెను. గోళ్ళు కత్తిరించి, అరికాలి వ్రేళ్ళనడుమ బొచ్చు తీసివేయవలెను. ఖర్చులేని ఈ పని చేసినంతనే సగము తూలుడు తగ్గిన పిల్లలు గలవు.

వావిలాకు మూటకాపడము నొప్పిపట్టిన కండరమునకు ఉపశమనమిచ్చును. మూటను మన మణికట్టు లోపలి ప్రక్కన ఆనించి చూచి, గోరువెచ్చగా నున్నప్పుడే పెట్టవలెను. క్రొత్తగా తగిలిన వాపుపై మాత్రము వేడి తగదు. పూసినదెల్ల కుక్క నాకును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనినచో సగము ప్రమాదము తప్పును. కర్పూరతైలము, నీలగిరితైలము, నొప్పిబాములు కుక్కకు విషములు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రలు ఇంటిలోనివి గదాయని వేయరాదు. లోహభస్మములు కలిసిన మహాయోగరాజ గుగ్గులు వంటివి పెద్దవారి కీళ్ళకు వైద్యులు ఇచ్చునవి. పిల్ల దరికి చేరనీయరాదు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష ఆహారమున కలుపరాదు.

లేవలేని పిల్లను రెండు మూడు గంటలకొకమారు ప్రక్క మార్చుట, తడిసిన బొచ్చును తుడిచి ఆరబెట్టుట, మోచేతులు, తుంటి ఒరియకుండ చూచుట తప్పనిసరి. మూత్రము తానుగా విడువలేనిదానికి పొత్తికడుపు నొక్కి తీయు విధానము వైద్యుని వద్ద నేర్చుకొనవలెను. వెనుక కాళ్ళు ఇక రావని తేలినను, చిన్నజాతి పిల్ల బరువు తక్కువ గనుక రెండు చక్రముల బండి కట్టినచో ముందు కాళ్ళతో హుషారుగా తిరుగును. ఆరని నొప్పితో ఆహారము మానిన ప్రాణికి బాధ ముగించుట దయయే కావచ్చును. అయితే ఎక్స్‌రే తీయించక, ఆహారము మార్చక, నాలుగు వారములైనను చూడక రెండు నెలల పిల్లకు ఆ తీర్పు చెప్పుట న్యాయము కాదని నా యభిప్రాయము.

మోకాలిచిప్ప జారెడి లోపము, తుంటి చివికెడి వ్యాధి వంశపారంపర్యముగా సంక్రమింపగలవు. అట్టి పిల్ల కోలుకొని ఎంత ముచ్చటగా నడచినను దానిచే సంతానము కనిపింపరాదు. అమ్మినవారికి కూడ ఈ సంగతి తెలియజేసినచో, అదే తల్లికి మరల అట్టి పిల్లలు పుట్టకుండ వారు జాగ్రత్తపడుటకు వీలగును.